నడిమి కయ్య పాలిపోయిన ఏడు: చెరుకులో జింకు లోపంతో నా అనుభవం

మా ఊళ్ళో జింకు అంటే రేకు. పశువుల కొట్టం మీద పరిచేది జింకు రేకు, నీళ్ళు కాచుకునేది జింకు బకెట్టు. అదే జింకు పైరుకు తిండి కూడా అని, అది చాలకపోతే చెరుకు ఆకు చారలు చారలుగా పాలిపోతుందని 2022 ఎండాకాలం దాకా నాకు తెలియదు. ఆ ఏడు మూడు నెలలు నేను పడిన తిప్పలు ఇక్కడ రాస్తున్నాను. మా పక్క నేలల్లో చెరుకు పెట్టినవాళ్ళకు పనికొస్తుందని నా నమ్మకం.

మాది కడపకు ఉత్తరంగా, చెన్నూరు పక్క. కేసీ కాలవ ఆయకట్టు. కాలవకు నీళ్ళు రాని నెలల్లో బోరే గతి. మూడు ఎకరాలు, మూడు కయ్యలు: పై కయ్య, నడిమి కయ్య, కింది కయ్య. మా ఆయన కువైట్‌లో ఉంటాడు. సేద్యం చూసేది నేనూ మా అత్తా. చెన్నూరులో సహకార చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో మా మామ చెరుకు అక్కడికి తోలేవాడంట. అది మూతబడినాక మా పక్క చానా మంది చెరుకు మానేసి పసుపుకూ వరికీ పోయినారు. మేమూ మూడేండ్లు పసుపు పెట్టి, మళ్ళీ బెల్లం కోసమని చెరుకుకు వచ్చినాం.

ఫిబ్రవరి మొదటి వారంలో కో 86032 రకం నాటినాం. మూడు కళ్ళ ముచ్చెలు (నాటే చెరుకు ముక్కలు), ఎకరాకు పదహారు వేల లెక్కన. దుక్కిలో ఎకరాకు రెండు మూటల డీఏపీ, ఒక మూట పొటాష్ వేసినాం. పసుపుకు కూడా మూడేండ్లూ డీఏపీ బాగానే వేసినాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొలక బాగా వచ్చింది. మార్చి నెలాఖరుకు మూడు కయ్యలూ ఒకే ఎత్తున, పచ్చగా ఉన్నాయి. ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున నీళ్ళు మలపడానికి పోయినప్పుడు గెనెం (పొలం గట్టు) మీద నిలబడి చూస్తే నడిమి కయ్య మధ్యలో పైరు రంగు తేడాగా కనబడింది. ఎండ పొడ అనుకున్నాను. సాయంత్రం చూసినా అట్లే ఉంది. లోపలికి దిగి చూస్తే ఆకుల్లో లేత పసుపు, కొన్నింట్లో దాదాపు తెల్లని పట్టీ. దుబ్బులు కూడా పక్క కయ్య వాటికంటే జానెడు పొట్టి.

నీళ్ళు చాలలేదేమో అనుకొని రెండు తడులు దగ్గర దగ్గరగా ఇచ్చినాను. మార్పు లేదు.

అప్పుడు ముగ్గురు మూడు మాటలు చెప్పినారు. పక్క కయ్య మామ వచ్చి చూసి, "యూరియా తక్కువైందిమ్మా, ఒక అర మూట చల్లు, వారంలో నల్లగా తిరుగుతుంది" అన్నాడు. మందుల అంగడాయన ఫోటో చూసి, "ఇది ఇనుము లోపం అక్కా, అన్నభేది (ఇనుము సల్ఫేటు) కొట్టండి" అన్నాడు. మా అత్త మాత్రం ఆకు చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, "గడ్డిదుబ్బు తెగులేమో మే, అదైతే పీకి కాల్చాల్సిందే, మిగతా దానికి అంటుకుంటాది" అనింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కయ్య పీకేస్తే విత్తనం, దున్నకం, కూలి అన్నీ పోయినట్టే. పీకకుండా ఉంటే పక్క రెండు కయ్యలూ పోతాయేమోనని ఇంకో భయం.

మొదట యూరియా చల్లినాను, చవక కాబట్టి. పది రోజులకు ఆకులు కొంచెం పొడుగు సాగినాయి కానీ, పాలిపోయిన పట్టీ ఇంకా వెడల్పైంది. అప్పుడు అర్థం కాలేదు గానీ ఇప్పుడు తెలుసు: ఒంట్లో ఉన్న కాస్త జింకూ కొత్తగా సాగిన ఆకులన్నింటికీ పంచుకోవాల్సి వచ్చింది, ఇంకా పలచబడింది. ఆ తర్వాత అన్నభేది వారం ఎడంతో రెండుసార్లు కొట్టించినాను. రంగు మారలేదు. కొన్ని ఆకుల కొనలు మాడినాయి, అంతే. ఏప్రిల్ నెల సగం దాటిపోయింది. చెరుకు పిలకలు వేసే కాలం అది. అప్పుడు పోయిన రోజు మళ్ళీ రాదు.

ఇంక లాభం లేదని రైతు భరోసా కేంద్రానికి పోయినాను (ఇప్పుడు రైతు సేవా కేంద్రం అంటున్నారు). అక్కడ గ్రామ వ్యవసాయ సహాయకురాలు, చిన్న వయసు అమ్మాయి. ఫోటోలు చూపిస్తే వద్దనింది. "ఫోటోలో పసుపంతా ఒకటే మాదిరి ఉంటుంది అక్కా, తోటలోనే చూద్దాం పా" అని ఆ సాయంత్రమే వచ్చింది.

వచ్చి ఆ అమ్మాయి చేసిన పని నేను మరచిపోలేను. మొక్కను చూడలేదు, ఆకుల్ని లెక్కబెట్టింది. పైన మొవ్వులో ఇంకా విచ్చుకోని ఆకును వదిలేసి, అక్కడి నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క. ఒక్కో ఆకూ తీసి గెనెం మీద వరసగా పరిచింది. బాగున్న పై కయ్య నుంచి కూడా అదే వరసలో ఆకులు తెచ్చి పక్కన పెట్టింది. "ఇప్పుడు చూడు అక్కా. ఏ ఆకు ముందు చెడింది? ఆకులో ఏ భాగం చెడింది? ఈ రెండే."

నేను చూసినాను. కింది ముసలి ఆకులు పచ్చగానే ఉన్నాయి. యూరియా లోపమైతే ముందు ముసలి ఆకే పండుతుందంట. ఎందుకంటే నత్రజని మొక్కలో కదులుతుంది, కొత్త ఆకు కోసం పాత ఆకులో నుంచి లాక్కుంటుంది. జింకు, ఇనుము అట్ల తేలిగ్గా కదలవు. వాటి లోపం పైనున్న లేత ఆకుల్లోనే తెలుస్తుంది. ఆ మాటతో పక్క కయ్య మామ చెప్పింది పోయింది.

మరి ఇనుమా, జింకా? అక్కడే నేను ముందు గమనించని తేడా ఉంది. ఇనుము తక్కువైతే అన్నిటికంటే లేత ఆకు, మొవ్వులో నుంచి అప్పుడే విచ్చుకున్నది ముందు చెడుతుంది. ఆకు మొదలు నుంచి కొన దాకా ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య తెల్లగా సన్నని గీతలు గీసినట్టు ఉంటుంది. ముదిరితే ఆకంతా తెల్లకాగితమే. మా దాంట్లో మొవ్వు ఆకు అంత చెడలేదు. చెడింది మూడో ఆకు, నాలుగో ఆకు. అందులోనూ సన్నని గీతలు కాదు, నడి ఈనెకు రెండు పక్కలా వెడల్పాటి పట్టీ. ఆకు మొదట్లో బాగా పాలిపోయి, కొనకు పోయేకొద్దీ తగ్గుతూ ఉంది. నడి ఈనె పచ్చగానే ఉంది, ఆకు అంచులూ పచ్చగానే ఉన్నాయి. కొన్ని ఆకుల్లో ఆ పట్టీ మీద ఎర్రటి చిన్న చిన్న మచ్చలు. "ఇది జింకు మాదిరే ఉంది అక్కా" అనింది.

మా అత్త గెనెం మీదే కూర్చోనుంది. గడ్డిదుబ్బు సంగతేంది పాపా అని అడిగింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా ఒక దుబ్బు మొదలు విప్పి చూపించింది. గడ్డిదుబ్బు తెగులైతే సన్నని, గడ్డిపోచల్లాంటి పిలకలు లెక్కలేనన్ని పుట్టుకొస్తాయి, గడ కట్టదు. మాకు పిలకలు ఎక్కువ కాదు, తక్కువ ఉన్నాయి. ఇంకో తెగులు కూడా ఉందని చెప్పింది, ఆకు అడుగున నడి ఈనే పసుపెక్కేది. అది పంట ముదిరినాక, అయిదారు నెలలప్పుడు బాగా తెలుస్తుందంట. మా ఆకు తిప్పి చూస్తే నడి ఈనె పచ్చన. మా అత్త లేచి, "పీకే పని లేదు కదా, చాలు" అని ఇంటికి పోయింది. ఆ రాత్రి నాకు కొంచెం నిద్ర పట్టింది.

ఇంకో సంగతి. పాలిపోయింది నడిమి కయ్య అంతా కాదు, మధ్య భాగమే. ఎందుకని ఆ అమ్మాయి అడిగితే చెప్పినాను: అక్కడ ముందు ఒక దిబ్బ ఉండేది. రెండేండ్ల కింద జేసీబీతో దాన్ని గోకి, కయ్య చదును చేయించినాం, నీళ్ళు సమంగా పారాలని. అంటే అక్కడ పైమట్టి పోయి, కింది సుద్ద నేల పైకి వచ్చింది. చేత్తో తవ్వితే తెల్లని గులకలు తేలినాయి. పోయిన కాలంలో ఏడేడు తరాలు పేడ ఎరువు తిన్న మట్టిని మేమే గోకి పక్క చేనుకు తోలినాం. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో బాధే.

దానికి ఎదురుగా ఇంకో గుర్తు కూడా ఉంది. అదే కయ్యలో తూర్పు మూల ఒక ముప్పై అడుగుల మేర చెరుకు నల్లగా, ఏపుగా ఉంది. పోయిన ఏడు ఆ మూల నాలుగు రాత్రులు గొర్రెల మంద పెట్టించినాం. కయ్య ఒకటే, నీళ్ళు ఒకటే, డీఏపీ ఒకటే. మంద పడిన చోట ఆకు పచ్చగా ఉంది, పైమట్టి గోకిన చోట పాలిపోయి ఉంది. కాగితం మీద ఎవరూ రాసివ్వక ముందే నేల చెప్పేసింది, మేం చూడలేదు.

అయినా ఆ అమ్మాయి మూట కొనమని చెప్పలేదు. "మాదిరే ఉందంటే అదేనని కాదు. నాలుగు సాళ్ళలో చూసి చెప్దాం" అనింది. ఇది చాలా మంచి పద్ధతి, ఎవరైనా చేసుకోవచ్చు. బాగా పాలిపోయిన చోట నాలుగు సాళ్ళు తీసుకున్నాం, ఒక్కో దాని మధ్య రెండు సాళ్ళు వదిలి. మొదటి దానికి లీటరు నీళ్ళకు 2 గ్రాముల జింకు సల్ఫేటు. రెండో దానికి లీటరుకు 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు. మూడో దానికి యూరియా నీళ్ళు. నాలుగో దానికి ఉత్త నీళ్ళు. చేతి పంపుతో పొద్దున్నే, గాలి లేనప్పుడు కొట్టినాం. ఒకదాని తుంపర ఇంకోదాని మీద పడకుండా మా పెద్దమ్మాయి, నేను పాత చీర అడ్డం పట్టుకున్నాం. సాలు మొదట్లో కట్టెపుల్లలు గుచ్చి, నాలుగు రంగుల గుడ్డపీలికలు కట్టినాం. ఎర్ర గుడ్డ జింకుది.

చెడిన ఆకు బాగవుతుందేమోనని రోజూ పోయి చూసేదాన్ని. ఆ అమ్మాయి చెప్పింది, పాత ఆకు మీద ఆశ పెట్టుకోవద్దు, కొట్టినాక వచ్చే కొత్త ఆకు చూడు అని. తొమ్మిదో రోజుకు తెలిసింది. ఎర్ర గుడ్డ సాలులో మొవ్వు నుంచి వచ్చిన రెండు ఆకులు మొదలు దాకా పచ్చగా ఉన్నాయి. మిగతా మూడు సాళ్ళలో అదే పట్టీ. అన్నభేది సాలుకూ ఉత్త నీళ్ళ సాలుకూ తేడానే లేదు. నేను అక్కడి నుంచే మా ఆయనకు వీడియో కాల్ చేసి నాలుగు సాళ్ళూ చూపించినాను. కువైట్‌లో అప్పుడు డ్యూటీకి పోయే టైము. అయినా బస్సు ఎక్కకుండా నిలబడి, ఎర్ర గుడ్డ సాలు మళ్ళీ చూపించు, ఇంకోసారి చూపించు అని మూడుసార్లు అడిగినాడు.

ఈ లోపల మట్టి కూడా పరీక్షకు ఇచ్చినాం. దీంట్లో ఒక జాగ్రత్త ఉంది, మాకు ఎవరూ ముందు చెప్పనిది. నేను మామూలుగానే జింకు బకెట్టూ పారా తీసుకొని బయల్దేరినాను. ఆ అమ్మాయి చూసి ఆపేసింది. ఆ బకెట్టుకు పూత ఉండేదే జింకుది. దాంట్లో మట్టి వేసి కలిపితే బకెట్టు జింకు మట్టికి అంటుకొని, లేని జింకు ఉన్నట్టు వస్తుందంట. ప్లాస్టిక్ తొట్టిలో, చెక్క పుల్లతో తీసినాం. పాలిపోయిన చోట ఎనిమిది తావుల్లో, 'వి' ఆకారంలో గుంట తీసి, గోడ పక్క నుంచి పైనుంచి కిందికి సన్నటి పొర గీకినాం. గెనెం దగ్గరా, మంద పడిన మూలా తీయలేదు. అంతా కలిపి, నీడన ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అర కిలోకు తెచ్చి కడప పంపినాం. బాగున్న పై కయ్య మట్టి వేరే సంచిలో పంపినాం, పోల్చుకోవడానికి.

కాగితం వచ్చేసరికి మే నెల. నడిమి కయ్య ఉదజని సూచిక (పీహెచ్) 8.4. సేంద్రియ కర్బనం తక్కువ. భాస్వరం ఎక్కువ. ఇనుము 5 పీపీఎం, 4.5 దాటితే చాలు కాబట్టి లోపం లేదు. జింకు 0.34. అది కనీసం 0.6 ఉండాలి. పై కయ్యలో జింకు 0.71.

భాస్వరం ఎక్కువ అనే మాట దగ్గర నేను ఆగిపోయినాను. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని అడిగినాను. దానికి ఆ అమ్మాయి ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోన్ చేసి నాతోనే మాట్లాడించింది. అక్కడి సారు చెప్పినదాని సారం ఇది: సున్నం ఎక్కువున్న నేలలో జింకు ఉన్నా సున్నం దాన్ని పట్టుకుంటుంది, వేరుకు అందనివ్వదు. ఉదజని సూచిక ఒక్క అంకె పెరిగితే నీళ్ళలో కరిగే జింకు నూరో వంతుకు పడిపోతుంది. దాని మీద ఏటేటా డీఏపీ వేస్తూ పోతే భాస్వరం పేరుకొని ఆ కాస్త జింకును కూడా వేరు తీసుకోనివ్వదు. మా బోరు నీళ్ళు కాచిన బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, ఆ నీళ్ళలోని సున్నం కూడా తోడయింది. మొక్క పొడుగు సాగడానికి ఒంట్లో తయారయ్యే హార్మోనుకు జింకు కావాలి. అది లేకనే కణుపుల మధ్య దూరం తగ్గి దుబ్బు పొట్టిగా ఉండిపోయింది. నేను అప్పటిదాకా నేలకు తక్కువ పెట్టినానేమో అనుకుంటా ఉన్నాను. ఎక్కువ పెట్టింది కూడా తప్పయిందని అప్పుడు తెలిసింది.

ఇంక మూట కొనాల. టౌనులో ఒక అంగట్లో పది కిలోల సంచి తెచ్చినాను, జింకు సల్ఫేటు 21 శాతం అని రాసుంది. ఆ అమ్మాయి సంచి విప్పక ముందే, "అక్కా, ఇంట్లో డీఏపీ ఉందా? రెండు గాజు గ్లాసులు తీసుకురా" అనింది. ఒక గ్లాసులో డీఏపీ గుళికలు వేసి కలిపి, తేరినాక పైనీళ్ళు వంచుకున్నాం. ఇంకో గ్లాసులో సంచిలోని తెల్ల పలుకులు కరిగించినాం. రెండూ కలిపితే నిజమైన జింకు సల్ఫేటుకు పాలు విరిగినట్టు తెల్లటి గడ్డ కట్టాల. మాకు ఏమీ కట్టలేదు, నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయినాయి. అది మెగ్నీషియం సల్ఫేటు అయి ఉండొచ్చనింది. చూడటానికి రెండూ ఒకే తీరు తెల్ల పలుకులు. కల్తీ చేసేవాళ్ళు ఎక్కువగా అదే కలుపుతారంట. నాకు చేతులు వణికినాయి. ఆ సంచి తోటంతా వేసి, నెల రోజులు చూసి, "జింకు కూడా పని చేయలేదు" అనుకొని ఉండేవాళ్ళం. సంచి తిరిగి ఇచ్చేసి డబ్బులు తెచ్చుకున్నాను, దానికి రెండు రోజులు తిరగాల్సి వచ్చింది. తర్వాత రైతు భరోసా కేంద్రం ద్వారా తెప్పించిన సంచిని అదే మాదిరి చూస్తే గ్లాసులో చిక్కగా విరిగింది.

ఆ గ్లాసు చూసినప్పుడు ఇంకో సంగతి నాకు తనంతట తానే అర్థమైంది. డీఏపీ, జింకు సల్ఫేటు ఒకేసారి కలిపి చల్లొద్దని ఎందుకంటారో. గ్లాసులో విరిగినట్టే మట్టిలోనూ రెండూ కలిసి కరగని గడ్డగా మారతాయి, వేరుకు రెండూ దక్కవు. మా ఊళ్ళో ఒకే గంపలో కలిపి చల్లేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు నేను నోటితో చెప్పడం మానేసి రెండు గ్లాసులు తీసుకొచ్చి చూపిస్తాను.

మందు కొట్టింది ఇట్ల: ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు, 400 గ్రాముల జింకు సల్ఫేటు. మా పంపు 16 లీటర్లది, పంపుకు 32 గ్రాములు. ముందు చెంబెడు నీళ్ళలో కరిగించి గుడ్డలో వడగట్టి పోసుకున్నాం. పురుగు మందులేవీ కలపలేదు. పొద్దు వాలినాక, ఆకులు రెండు పక్కలా తడిసేటట్టు. మే నెలలో పది రోజుల ఎడంతో మూడుసార్లు. మే నెల కడప ఎండల్లో పగలు కొట్టి ఆకు మాడ్చుకోవద్దని మరీ మరీ చెప్పింది ఆ అమ్మాయి. మూడోసారికి ఎర్ర గుడ్డ ఏ సాలుదో గుర్తు పట్టలేనంతగా కయ్య అంతా ఒక రంగుకు వచ్చింది.

పంట పూర్తిగా దక్కిందని చెప్పను. ఆకు పచ్చబడింది, గడ సాగింది. కానీ పిలకలు వేసే వేళ పోయిన పిలకలు మళ్ళీ రాలేదు. 2023 జనవరిలో కొట్టి కాటా వేస్తే పై కయ్య 35 టన్నులు, కింది కయ్య 33, నడిమి కయ్య 24. ఏప్రిల్ మొదట్లోనే ఆకులు లెక్కబెట్టి ఉంటే ఆ తొమ్మిది పది టన్నుల్లో సగమైనా నిలిచేదని నా అంచనా. మూడు వారాలు యూరియాకూ అన్నభేదికీ పోయింది.

కార్శికి (కొట్టిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పంటకు) మాత్రం ముందే జాగ్రత్త పడినాం. మోళ్ళు చెక్కి, బోదెలు పక్కలా చీల్చినప్పుడే నడిమి కయ్యకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసినాం. ఉత్తది చల్లలేదు. నాలుగు గంపల మాగిన పేడ ఎరువులో కలిపి, మోడు వేరుకు దగ్గరగా వేసి మట్టి కప్పి తడి ఇచ్చినాం. డీఏపీ సగానికి తగ్గించి, అది కూడా పది రోజుల తర్వాత, బోదెకు అవతలి పక్కన వేసినాం. ఒకసారి ఇట్ల వేస్తే రెండు మూడు పంటలకు పనిచేస్తుందంట, ఏటా వేయాల్సిన పని లేదు.

అయితే ఆ కార్శిలో ఏప్రిల్‌లో మళ్ళీ ఆకులు తెల్లబడినాయి. ఈసారి కింది కయ్యలో. అప్పటికి మా వీధిలో అందరికీ జింకు మాట తెలిసిపోయింది. పక్క కయ్య మామ నా కోసం ఇంటికే వచ్చి, "ఈ ఏడూ జింకే వచ్చిందిమ్మా, నా తోటలో కూడా, కొట్టేద్దాం పా" అన్నాడు. పోయి మొవ్వు నుంచి లెక్కబెట్టినాను. చెడింది మూడో ఆకు కాదు, మొవ్వులోంచి వచ్చిన మొట్టమొదటి ఆకు. వెడల్పు పట్టీ కాదు, మొదలు నుంచి కొన దాకా సన్నని తెల్ల గీతలు, ఈనెలు పచ్చగా. "మామా, ఇది జింకు కాదు, ఈసారి ఇనుము" అన్నాను. కార్శి తోటల్లో, సున్నపు నేలల్లో ఇనుము లోపం ఎక్కువ అని ఊటుకూరు సారు పోయిన ఏడే చెప్పినాడు. మామ నమ్మలేదు. గుడ్డపీలికలు కట్టి మళ్ళీ సాళ్ళు పెట్టినాం. ఈసారి గెలిచింది అన్నభేది సాలు. అన్నభేది కొనేటప్పుడు లేత పచ్చ పలుకులు చూసి కొన్నాం. తుప్పు రంగుకు తిరిగింది పనికిరాదు. నీళ్ళలో నిమ్మ ఉప్పు వేసేది కూడా తుప్పు పట్టకుండా ఉండటానికే. వారానికొకసారి మూడుసార్లు కొడితే మా ఇద్దరి తోటలూ తేరుకున్నాయి.

మా అత్తకు ఇప్పుడు ఆకు చూడటం నాకంటే బాగా వచ్చు. కంటి చూపు తగ్గింది కాబట్టి వేలితో మొవ్వు పట్టుకొని కిందికి తడుముతూ లెక్కబెట్టి, మూడో ఆకు నాకు చూపించి "రంగు చెప్పు మే" అంటుంది.

నడిమి కయ్యలో దిబ్బ గోకిన చోట మట్టి ఇంకా తెల్లగానే ఉంది. జింకు వేసినా ఆ చోటు పక్కల కంటే ఒక పిసరు వెనకే. పోయిన మట్టిని తిరిగి తెచ్చి వేయలేం. ఈసారి చెరుకు కొట్టినాక గొర్రెల మంద ఆయనతో మాట్లాడినాను, నాలుగు రాత్రులు కాదు, పన్నెండు రాత్రులు, సరిగ్గా ఆ దిబ్బ చోటే కట్టాలని. రాత్రికి ఇంత అని బియ్యమూ డబ్బూ ఒప్పుకున్నాం. రేపటి నుంచి వస్తామన్నారు.